లావు గొట్టమా, నల్ల డబ్బానా

పోయిన వారం మిమ్మల్ని కొండ మీదే వదిలేసి వచ్చాను. కొండ ఎక్కే కారు పందెం సాధన పరుగులో మా అమ్మాయి రెండు నిమిషాల నలభై మూడు సెకన్లలో పైకి చేరింది. కావలసింది రెండు నలభై. వచ్చే ఆదివారం అసలు పోటీ. ఆ మూడు సెకన్లు తగ్గిస్తే రేసు జట్టులో ఆమెకు ఉద్యోగం ఇస్తారు. తగ్గకపోతే మళ్ళీ రొట్టెల వ్యాను నడపడమే. జట్టు కొత్తవాళ్ళను తీసుకోవడానికి పెట్టిన వయసు లెక్క ప్రకారం ఆమెకు ఇదే చివరి ఏడు. ఇంట్లో అందరం ఆమెను రవ్వ అంటాం. పుట్టినప్పటి నుంచీ ఒక్కచోట కుదురుగా ఉన్నది లేదు.

ఆ రోజు పైకి చేరాక రవ్వ హెల్మెట్ తీసి, కారు కంప్యూటరుకు తగిలించిన ఫోను చూసి ఒక్క మాట అంది.

"ఇంజిను ఆవిర్లు పీలుస్తోంది."

పక్కనే నిలబడ్డ మా బావగారు మొహం తిప్పుకున్నాడు. బావగారంటే మా ఆవిడకు స్వయానా అన్నయ్య, ఊళ్ళో అందరికీ మేస్త్రీ. చెట్టుకు గుద్దుకుని తుక్కుకు పోబోతున్న కారును తెచ్చి, నాలుగేళ్ళు చెమటోడ్చి, దానికి సూపర్‌చార్జర్ బిగించి మేనకోడలి చేతిలో పెట్టిన మనిషి. ఇంజిను గాలి పీల్చే గొట్టం కూడా ఆయన ఏరి కోరి తెచ్చిందే. రవ్వ అన్న మాట నేరుగా వెళ్ళి ఆ గొట్టానికి తగిలింది. ఆ రోజు నుంచి ఐదు రోజులు మేనమామా మేనకోడలూ మాట్లాడుకోలేదు.

శుక్రవారం పొద్దున పదకొండింటికి మా భోజనాల బల్ల మీద కంచం పెట్టడానికి చోటు లేదు.

ఎడమవైపు బావగారి గొట్టం. అద్దంలా మెరిసే అల్యూమినియం, చివర శంకు ఆకారంలో ఎర్రటి ఫిల్టరు. మూడు వారాల పాటు దాన్ని గుడ్డతో రుద్ది రుద్ది మెరిపించాడు. ఇంజిను మీద అలా బోసిగా కూర్చుంటుందది, దాని చుట్టూ గోడ లేదు, మూత లేదు. కుడివైపు రవ్వ తెప్పించిన నల్ల ప్లాస్టిక్ డబ్బా. అంచు చుట్టూ రబ్బరు, లోపల ఫిల్టరు, ముందు నుంచి ముడతల గొట్టం ఒకటి బయటికి వస్తుంది. ఆ గొట్టం మూతి హెడ్‌లైటు వెనక్కి చేరి, బయటి గాలిని తెచ్చి డబ్బాలో పోస్తుంది. చూడ్డానికి మాత్రం చెత్తబుట్టలా ఉంది.

రెండింటిలో ఏదో ఒకటి ఆ రోజే తేలాలి. కారులో ఏ భాగం ఏ కొలతదో రాసిన కాగితం సాయంత్రం ఐదింటికల్లా పోటీ నడిపే క్లబ్బు ఆఫీసు కిటికీలో పడాలి. పడ్డాక గాలి గొట్టాన్ని మార్చడానికి వీల్లేదు.

"ఇది ఇల్లా, షెడ్డా?" అంది మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి. "అన్నయ్యా, ఆ ఎర్రదాన్ని నా బల్లగుడ్డ మీంచి తియ్యి. నూనె అంటుతుంది."

"నూనె ఎప్పుడో ఆరిపోయిందే."

"నీ నూనె ఎప్పుడు ఆరింది కనక? నా పెళ్ళి ఫోటోలో నా భుజమ్మీద నీ ఐదు వేళ్ళూ ఇప్పటికీ కనబడుతున్నాయి."

రవ్వ నవ్వబోయి, ఎవరితో మాట్లాడడం లేదో గుర్తొచ్చి ఆపుకుంది. నావైపు తిరిగింది.

"నాన్నా, మామయ్యకు చెప్పు. ఆయన గొట్టం బయటి గాలి పీల్చడం లేదు. బానెట్టు కింద ఇంజిను ఊదే వేడినే మళ్ళీ పీలుస్తోంది."

"బావా, కోడలికి చెప్పు. ఆవిడ డబ్బాలో ఇంజిన్‌కు ఊపిరాడదు. ముక్కు మూసుకుని పరిగెత్తమన్నట్టు ఉంటుంది."

ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం. ఇద్దరి మాటలూ నా మీదుగానే పోవాలి. నేను నీటి శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు మీటర్లు పరీక్షించి రిటైరైనవాణ్ణి. కార్ల సంగతి నాకు పెద్దగా తెలియదు. అడగడం మాత్రం అలవాటు.

ఆ పొద్దున దేవుడి ముందు కూర్చుని కూడా అడిగాను, మూడు సెకన్లు ఇప్పించమని. అడిగి సిగ్గుపడ్డాను. అదే పొద్దున ఇంకో ఇంట్లో ఇంకో తండ్రి తన బిడ్డ కోసం అవే మూడు సెకన్లు అడుగుతూ ఉండి ఉంటే? దేవుడు ఎవరి మాట వినాలి? చాలాసేపు ఆలోచించి, 'మా వల్ల తప్పు జరగకుండా చూడు స్వామీ' అని మార్చి లేచాను. అది కూడా కోరికే అవుతుందేమో నాకు తెలియదు.

"అసలు ఈ సూపర్‌చార్జర్ ఏం చేస్తుంది బావా?" అన్నాను, మాట కలుపుదామని.

బావగారి మొహం వెలిగింది. పని గురించి అడిగితే చాలు ఆయనకు కోపం గుర్తుండదు.

"మామూలు ఇంజిను తనకు కావలసినంత గాలి తనే పీల్చుకుంటుంది. దీనికి ఆ ఓపిక లేదు. సూపర్‌చార్జర్ బెల్టు మీద గిరగిరా తిరుగుతూ గాలిని దాని నోట్లో కుక్కుతుంది. ఎంత గాలి కుక్కితే అంత పెట్రోలు మండుతుంది. అంత బలం."

"కుక్కితే గాలి వేడెక్కదూ? సైకిలు పంపు అడుగు కాలినట్టు?"

"వేడెక్కుతుంది."

"మరి ముందే వేడిగా ఉన్న గాలిని తెచ్చి కుక్కితే?"

బావగారు ఎర్ర ఫిల్టరును తనవైపు లాక్కున్నాడు.

"నాన్నా, ఆ ప్రశ్న ఇంకోసారి అడుగు. గట్టిగా అడుగు. కొందరి చెవుల్లో పడాలి" అంది రవ్వ.

"కారు పరిగెత్తుతుంటే గాలి తోసుకు వస్తుంది, వేడి ఎగిరిపోతుంది" అన్నాడాయన బల్ల మీద అరచేత్తో కొడుతూ. గిన్నెలు కదిలాయి. "పుస్తకం చూసి చెప్పడం లేదు నేను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంజిన్లలో తల పెట్టి బతుకుతున్నాను."

"పరిగెత్తేటప్పుడు సరే. మొదలుపెట్టే ముందు వరసలో పది నిమిషాలు నిలబెడతారుగా? ఇంజిను ఆపనివ్వరు, బానెట్టు తెరవనివ్వరు. ఆ పది నిమిషాలూ ఏం పీలుస్తుంది?"

ఈసారి ఆమె ఆయన మొహం చూసే అంది. ఐదు రోజుల్లో అదే మొదటిసారి. గెలిచింది నేనే అన్నంత సంతోషం వేసింది నాకు.

"కొలుద్దాం" అన్నాను.

మా ఆవిడ వంటగదిలో పొడుగు తీగ ఉన్న థర్మామీటరు ఒకటుంది. ఒక కొస ఓవెను లోపల పెట్టి, అంకె బయట చూసుకునేది. రవ్వ దానివైపు చూసింది. మా ఆవిడ రవ్వ చూపు చూసింది.

"వద్దు" అంది.

మెరిసే గొట్టాన్ని మళ్ళీ కారుకు బిగించిన రెండు నిమిషాల్లో అది బానెట్టు కింద, బావగారి ఎర్ర ఫిల్టరు పక్కన టేపుతో అంటుకుని ఉంది. అంకెల పలక కిటికీలోంచి లోపలికి వచ్చి నా ఒళ్ళో పడింది. చిన్న పుస్తకం, పెన్సిలు కూడా నా దగ్గరే. పాత ఉద్యోగం తిరిగి వచ్చినట్టుంది. మా ఆవిడ తన థర్మామీటరు మీద నమ్మకం లేక వెనక సీట్లో ఎక్కింది.

నీడలో గాలి ముప్పై మూడు డిగ్రీలు. గుమ్మం ముందే ఇంజిను నడుపుతూ పది నిమిషాలు నిలబడ్డాం, కొండ కింద వరసలో నిలబడినట్టే. మొదటి నిమిషానికి నలభై ఒకటి. మూడో నిమిషానికి యాభై రెండు. నేను గట్టిగా చదువుతున్నాను, బావగారు కారు పక్కన నిలబడి ఆకాశం చూస్తున్నాడు. ఏడో నిమిషానికి అరవై నాలుగు. పదో నిమిషానికి డెబ్బై ఒకటి.

"ఇంకో పది నిమిషాలుంటే ఏదైనా ఉడికించుకోవచ్చు" అంది మా ఆవిడ.

"పోనియ్యి, పోనియ్యి. ఇప్పుడు చల్లబడుతుంది చూడు" అన్నాడు బావగారు, పరుగున వచ్చి తన చెల్లెలి పక్కన కూర్చుంటూ.

రవ్వ కదిలించింది. వీధి మలుపు తిరిగి బడి గోడ వెంట పోయే తిన్నని రోడ్డు ఎక్కగానే కాలు నొక్కింది. ఇంజిను మోతకు ఆ పైన సూపర్‌చార్జర్ ఈలపాట తోడైంది. సన్నగా మొదలై అంతకంతకూ పెరిగే ఈల. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. దేవుడి పేరు పైకే అన్నాను. భయంతో అన్నానో సంతోషంతో అన్నానో ఇప్పటికీ చెప్పలేను. అరవై ఆరు. అరవై. రోడ్డు అయిపోయేసరికి యాభై నాలుగు.

"యాభై నాలుగు" అన్నాను.

"తగ్గిందా లేదా?" అన్నాడు బావగారు.

"తగ్గింది మామయ్యా. కొండ సగం ఎక్కాక తగ్గింది" అంది రవ్వ.

ఇంటికొచ్చి గొట్టం మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. గాలిని కొలిచే చిన్న ముక్క ఒకటుంటుంది, రెండు స్క్రూలతో గొట్టానికి బిగించి ఉంటుంది. కంప్యూటరుకు 'ఇంత గాలి వస్తోంది' అని చెప్పేది అదే. బావగారు దాన్ని తన గొట్టంలోంచి తీసి డబ్బాతో వచ్చిన గొట్టంలో బిగించాడు. కోపంగా ఉన్నా ఆయన వేళ్ళకు కోపం ఉండదు. స్క్రూ చివరి చుట్టు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టడం చూశాను.

మళ్ళీ పది నిమిషాలు గుమ్మం ముందు. థర్మామీటరు తీగ ఈసారి డబ్బా లోపల. ముప్పై నాలుగు. ముప్పై ఐదు. ముప్పై ఆరు. పదో నిమిషానికి ముప్పై ఎనిమిది.

నేను ఆ అంకె రెండుసార్లు చదివాను. ఎదురింటి టైలరు మిషను ఆపి కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. రవ్వ స్టీరింగ్ మీద రెండు చేతులతో దరువేసింది. బడి గోడ దగ్గర కారు దూకిన దూకుడు నాలాంటివాడికి కూడా తెలిసింది. ఇందాక తోసింది, ఇప్పుడు విసిరింది.

"అమ్మా! చూశావా? అమ్మా!"

"చూశానే. రోడ్డు చూడు నువ్వు."

బావగారు కారు దిగాడు. మెరిసే గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటు చొప్పున చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. ఆ తుడవడం చూసి రవ్వ మెత్తబడింది.

"మామయ్యా, డబ్బా గొప్పదని కాదు. గాలి చల్లగా ఉంటే చాలు నాకు."

"చల్లగాలి ఒప్పుకున్నాను కోడలా. కళ్ళతో చూశాక కాదంటానా? కానీ నీ డబ్బాతో వచ్చిన గొట్టం చూడు, ఎంత సన్నమో. నాది లావు. గాలి ఎక్కువ పడుతుంది." ఆయన కళ్ళు మళ్ళీ వెలిగాయి. "ఇలా చేద్దాం. నీ డబ్బా ఉంచు. దాని వెనక గొట్టం తీసేసి నాది తగిలిస్తాను. చల్లగాలీ నీదే, లావు గొట్టమూ నీదే."

రవ్వ ఒక్క క్షణం ఆలోచించి, ఎగిరి ఆయన మెడ పట్టుకుంది. "రెండు ముప్పై ఎనిమిది వస్తుంది మామయ్యా! రాసిపెట్టుకో!"

"నూనె!" అని అరిచింది మా ఆవిడ, ఇద్దరి బట్టలూ చూసి.

అందరం నవ్వాం. ఐదు రోజుల ముభావం తేలిపోయింది. మా ఆవిడ కంచాలు తెచ్చింది. తిన్నాక, మూడింటికి, బావగారు బల్ల మీద కాగితం పరిచి నన్ను రాయమన్నాడు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఇంట్లో ఏ కాగితమైనా నాకే ఇస్తారు. ఫిల్టరు రకం రాశాను. డబ్బా కొలతలు రాశాను. తర్వాతి గడిలో ఉంది: గాలి కొలిచే పరికరం ఉన్నచోట గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో.

ఉద్యోగంలో వాడిన కొలత పరికరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెచ్చి బావగారి గొట్టం కొలిచాను. డెబ్బై ఆరు. ఊరికే, చేతిలో ఉంది కదా అని, మార్చడానికి బావగారు విప్పి తెచ్చిన డబ్బా గొట్టం కూడా కొలిచాను. డెబ్బై. గోడ వారగా కారు పాత గొట్టం, కంపెనీ నుంచి వచ్చింది, పడి ఉంది. అదీ కొలిచాను. డెబ్బై.

పెన్సిలు పక్కన పెట్టాను.

ఇల్లంతా సంతోషంగా ఉన్నప్పుడు ఒక ప్రశ్న అడగడం ఎంత కష్టమో ఆ వేళ తెలిసింది. అడక్కపోతే అంతా బాగుంటుంది. నాకు తెలియని పని కదా, బావగారికి తెలియదా అని సర్దుకోవచ్చు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన పని అదొక్కటే.

"బావా, ఈ గాలి కొలిచే ముక్క గొట్టంలో పోయే గాలి మొత్తాన్నీ కొలుస్తుందా? లేక తన మీంచి పోయే గాలి జోరు చూసి, మొత్తం ఇంత ఉంటుందని లెక్క కడుతుందా?"

"జోరు చూసే. లోపల వేడి తీగ ఉంటుంది. గాలి ఎంత జోరుగా తగిలితే అంత చల్లబడుతుంది. దాన్ని బట్టి లెక్క."

"ఆ లెక్క ఏ గొట్టానికి కట్టారు?"

బావగారు నావైపు చూశాడు.

"ఎందుకంటే, మా శాఖలో ఒకసారి ఒక వీధి మొత్తానికి నీళ్ళ గొట్టాలు లావువి వేశారు. మీటర్లలో లెక్క పాత గొట్టానిదే ఉంచారు. నీళ్ళు అంతే పోతున్నాయి. కానీ లావు గొట్టంలో నెమ్మదిగా పోతాయి కదా. మీటరు తక్కువ చూపించింది. ఏడాది పాటు వీధి వీధంతా నీళ్ళు తక్కువ వాడుతున్నారని మెచ్చుకున్నాం."

నవ్వు రాలేదు ఎవరికీ. నేను పుస్తకం వెనక లెక్క వేశాను. డెబ్బైని డెబ్బైతో గుణిస్తే నాలుగు వేల తొమ్మిది వందలు. డెబ్బై ఆరుని డెబ్బై ఆరుతో గుణిస్తే ఐదు వేల ఏడు వందల డెబ్బై ఆరు. "లావు గొట్టంలో దారి నూటికి దాదాపు పద్దెనిమిది పాళ్ళు ఎక్కువ. అంత గాలీ లోపలికి పోతుంది. ముక్కకు మాత్రం తెలియదు. అది తక్కువ చెబితే కంప్యూటరు పెట్రోలు తక్కువ పోస్తుంది. అంతేనా?"

రవ్వ కుర్చీలోంచి లేచింది. "నెమ్మదిగా పోయేటప్పుడు కంప్యూటరు సరిదిద్దుకుంటుంది నాన్నా. పొగలో ఏం మిగిలిందో చూసి, పెట్రోలు చాల్లేదంటే కలుపుకుంటుంది. ఎంత కలిపిందో ఫోనులో ఉంటుంది. ఉండు." ఫోను తెరిచి పాత లెక్కలు వేలితో వెనక్కి జరిపింది. "ఈ రోజు డబ్బాతో, సన్న గొట్టంతో తిరిగినప్పుడు కలుపుకున్నది నూటికి రెండు. పోయిన ఆదివారం... మామయ్య గొట్టంతో..."

అంకెను రెండు వేళ్ళతో పెద్దది చేసింది.

"ఎంతే?" అన్నాడు బావగారు.

"పదిహేడు."

పద్దెనిమిది అని రాసిన నా లెక్క బల్ల మీదే ఉంది. నీటి మీటర్లు తప్ప ఏమీ తెలియని నేను వేసిన అంకె దగ్గరికి, ఆ కారు కంప్యూటరు తనంతట తాను వచ్చి నిలబడింది!

"మరి గట్టిగా తొక్కినప్పుడు?" అన్నాను.

ఈసారి జవాబు బావగారు చెప్పాడు.

"గట్టిగా తొక్కినప్పుడు పొగ చూసి దిద్దుకునే తీరిక దానికి ఉండదు బావా. కొలిచే ముక్క ఎంత చెబితే అంతకే పోస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే మంట పిచ్చి వేడి ఎక్కుతుంది. దానికి తోడు సూపర్‌చార్జర్ కుక్కుడు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నేను కార్బురేటర్ల మీద పని నేర్చుకున్నవాణ్ణి. గాలి పెంచితే స్క్రూ తిప్పి పెట్రోలు పెంచేవాళ్ళం. ఇది తనే చూసుకుంటుంది కదా అనుకున్నాను. కంప్యూటరు ఉంది కదా అనుకున్నాను."

"మామయ్యా..."

"నువ్వు ఆవిర్లన్నావు. నేను ఐదు రోజులు అలిగాను. ఆవిర్లు నయమే కోడలా."

రవ్వ వెళ్ళి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుంది. "నాలుగేళ్ళు నువ్వు పెట్టిన చెయ్యి లేకపోతే నాకు ఓడిపోవడానికి కూడా కారుండేది కాదు. ఒక్క గొట్టం తప్పింది. తెలిసింది. ఆదివారానికి ముందే తెలిసింది! నల్ల డబ్బా, దాని సన్న గొట్టం. అంతే. రాయి నాన్నా, డెబ్బై!"

రాశాను. డెబ్బై. సున్నా చుట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఆడింది. మా ఆవిడ దేవుడి గదివైపు తిరిగి ఒక్క దండం పెట్టి, వెంటనే బల్ల తుడవడం మొదలుపెట్టింది. గడియారంలో మూడున్నర. ఐదింటికి ఇంకా బోలెడు టైముంది. రవ్వ ఫోను పట్టుకుని గది చుట్టూ తిరుగుతూ, మొదటి మలుపుకు ఎంత, మూడో మలుపుకు ఎంత అని సెకన్లు లెక్కేస్తోంది. బల్ల తుడిచే గుడ్డతో తల్లి ఆమె వెనకే తిరుగుతోంది, "కూర్చోవే, కళ్ళు తిరుగుతున్నాయి నాకు" అంటూ.

బావగారు మాత్రం లేచి కారు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఆ గొట్టంతో ఎన్నిసార్లు గట్టిగా తొక్కింది బావా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఆదివారం కొండ మీద పదకొండు పరుగులు. ఈ పొద్దున బడి దగ్గర ఒకటి."

"పన్నెండు." ఇంజిను మీది మూత తీశాడు. "ప్లగ్గులు చూడాలి. లోపల మంట ఎంత వేడెక్కిందో వాటి రంగు చెబుతుంది."

వేడి ఇంకా పూర్తిగా పోలేదు. గుడ్డ చుట్టిన చేత్తో ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గూ విప్పి, ఎండలో తిప్పి చూసి నా అరచేతిలో పెట్టాడు. మొదటిది లేత గోధుమ రంగు. "బాగుంది" అన్నాడు. రెండోదీ అంతే. మూడోది ఇంకాస్త తెల్లబడింది. "పరవాలేదు."

నాలుగోది తీసి ఎండకు పట్టాడు. దాని తెల్లటి పింగాణీ మీద సన్నటి చుక్కలున్నాయి. వెండి రజను చల్లినట్టు మిలమిలలాడుతున్నాయి. అందంగా ఉన్నాయి కూడా.

"ఏమిటవి?"

ఆయన ప్లగ్గును ఇంకోసారి ఎండలో తిప్పాడు.

"పిస్టన్ బావా. పిస్టన్ పైభాగం కరిగి ఎగిరి ఇక్కడ అంటుకుంది. ఎంత కరిగిందో ఇంజిను పైన బిగించిన తల విప్పితే గానీ తెలియదు. చర్మం గీరుకున్నంతే కావచ్చు. బెజ్జం పడే దాకా వచ్చి ఉండవచ్చు. అలాగే పరిగెత్తిస్తే ఆదివారం పైదాకా పోనూవచ్చు, ఏదో ఒక మలుపులో బిగుసుకుపోయి చక్రాల కింద నూనె కక్కనూవచ్చు." ఆయన పిడికిలి మూశాడు. "ఇప్పుడు చెప్పానంటే ఆ నవ్వు చూడు..."

లోపల రవ్వ గొంతు వినబడుతోంది. "రెండు ముప్పై ఎనిమిది అమ్మా, చూస్తూ ఉండు!"

"విప్పు బావా" అన్నాను.

"ఏమిటి?"

"పిడికిలి. దానికి చూపించు. ఆ కారులో కూర్చునేది అది."

చూపించాడు. రవ్వ గుమ్మంలో నిలబడి ప్లగ్గును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు చికిలించి, పెదవి కొరుక్కుని, లెక్క వేసింది.

"తల విప్పి, పిస్టన్ మార్చి, మళ్ళీ బిగించడానికి ఎంతసేపు మామయ్యా?"

"ఆపకుండా చేస్తే ముప్పై గంటలు. అదే కొలత పిస్టన్ షెడ్డులో ఒకటుంది, కొత్తది కాదు కానీ మంచిది. అయినా అంతలో..."

"ఆదివారం తొమ్మిదింటికి నా పరుగు. ఇప్పుడు నాలుగు దాటింది. నలభై గంటలకు పైనే ఉంది. నీకు నేను అందిస్తాను. అమ్మ వండి పెడుతుంది."

"వండి పెట్టడమే కాదు, టార్చి కూడా పట్టుకుంటాను" అంది మా ఆవిడ. అన్నయ్యను చూసి, "లే" అంది.

బావగారి వీపు నిటారైంది. ఇరవై తొమ్మిదేళ్ళ మేస్త్రీ మళ్ళీ ఆయన కళ్ళలోకి వచ్చాడు. అప్పుడే అక్కడికక్కడే స్పానర్ల పెట్టె తెరిచేవాడే, బల్ల మీది కాగితం గుర్తొచ్చి ఆగాడు. పిస్టన్ మార్చుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి, అదే కొలతదైతే చాలు. చిక్కంతా చివరి గడిలో ఉంది. 'ఈ రోజున ఇంజినును పరీక్షించాను, పరుగుకు తగిన స్థితిలో ఉంది.' కింద మెకానిక్ సంతకం, తేదీ. అది లేకుండా కాగితం తీసుకోరు.

"సంతకం పెట్టు మామయ్యా. ఆదివారానికి దాన్ని నిజం చేద్దాం" అంది రవ్వ.

"ఈ రోజున అని ఉందే."

"నీ మీద నాకు నమ్మకం ఉంది."

"నమ్మకానికి తేదీ అడగలేదు వాళ్ళు. ఇంజినుకు అడిగారు."

కలం తీసుకున్నాడు. గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. కాగితం మీదికి వంగి, అంతలోనే తలెత్తి నావైపు చూశాడు.

"బావా, రోజూ దేవుడి ముందు కూర్చునే మనిషివి. ఇందాక నా పిడికిలి విప్పించింది కూడా నువ్వే. నువ్వే చెప్పు. దీని మీద సంతకం పెడితే అబద్ధమా, కాదా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. గడియారం నాలుగూ ముప్పై ఆరు. క్లబ్బు ఆఫీసుకు స్కూటరు మీద పద్నాలుగు నిమిషాలు. పోను మిగిలేది పది.

నేను జవాబు వెతుక్కుంటుండగానే రవ్వ స్కూటరు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. మిగతాది వచ్చే వారం చెబుతాను.